ద్వీపములకు సాగిన తెలుగు నౌకలు

బసంత్‌నగర్‌యందు సమావేశమగు మన నేతకుల మహాసభ సంచికలో నౌకావ్యాపారమును గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. ఈ ప్రాంతమువారు బొగ్గుగనులను, సిమెంటు కర్మాగారమును ఎరుగుదురు గాని ఓడల నెరుగరు. అయినను రేవు ఓడకు ముంగిలి మాత్రమే. దాని కలప అడవులందును, దాని సరకు లోనాటి మగ్గములమీదను పుట్టును. కావున ఈ చరిత్రలో మనకును పాలు గలదని మా నమ్మకము.

ఇచ్చటికి సమీపముననున్న పెద్దబంకూరు త్రవ్వకములలో శాతవాహనుల నాణెములు వేలకొలదిగా లభించినవి. ఆ వంశజుడగు యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు కొయ్యల ఓడబొమ్మను తన నాణెములపై ముద్రింపించెను. లోనాటి సంతయు, కడలియు ఒకే రాజ్యపు ధనముతో ముడివడియుండె ననుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనమును వేయించెను. తుపానుపాలై ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతను పూర్వరాజులు బలిమిమై గైకొనుచుండిరనియు, తాను నియమిత సుంకము తప్ప మరేమియు గైకొననియు ద్వీపాంతర వర్తకులకు ఆయన మాట యిచ్చెను. ఓడ మునిగినవానిని మరల ముంచరాదను ఈ ధర్మమే వర్తకమునకు పునాది యయ్యెను. రెడ్డిరాజగు అనపోతారెడ్డియు 1358లో ఆ రేవున అట్టి శాసనమునే వేయించెను.

పిదప మచిలీపట్టణము ప్రసిద్ధికెక్కెను. హాలెండు వర్తకులు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అచ్చటికి వచ్చిరి. వారికి కావలసినవి నేటి ఇండోనేషియా దీవులలో పండు లవంగములు, జాజికాయలు. ఆ దీవులవారు వానికి మారుగా కోరినది కోరమాండలు తీరపు వస్త్రములను. అందుచేత వర్తకులు మొదట మన తీరమున బట్టలు కొని, వానినిచ్చి సుగంధద్రవ్యములను గొనుచుండిరి. నేతగాడు బయానా పుచ్చుకొని నేసిన గుడ్డయే ద్వీపవాణిజ్యమున నాణెమువలె చెల్లినదని చెప్పవచ్చును. గోదావరి వెంట తెప్పలుగా దిగివచ్చిన టేకుతో నరసాపురమున ఓడలు కట్టబడుచుండెను. మన ఎగువ సీమను తడిపిన నదియే ఆ కలపను మోసినది.

ఈ వైభవము నిలువలేదు. ఆంగ్లదేశపు యంత్రవస్త్రము 19వ శతాబ్దిలో మగ్గమును కూల్చెను. కోరంగి రేవును 1789లోను, 1839లోను ఉప్పెనలు ముంచెత్తెను. తెరచాప ఓడలకు పొగ ఓడలు పోటీగా వచ్చెను. వస్త్రములు పోయిన దారినే మనుష్యులు పోవలసివచ్చెను. 1834 మొదలు మారిషస్ ద్వీపమున చెరకుతోటల పనికి ఒప్పందపు కూలీలు చేరసాగిరి. వారిలో తెలుగువారిని అచ్చటివారు రేవుపేరిట కోరంగీలనిరి. ఒకనాడు సరకునకు పేరు తెచ్చిన రేవు, నిరుపేదలకు ఇంటిపేరయ్యెను. ఆ ద్వీపదేశమున నేడు ఉగాది సెలవుదినమై వెలయుట వారి పట్టుదలకు ఫలము.

చరిత్ర గ్రంథములందు రాజుల పేరులును, కంపెనీల పేరులును నిలిచినవి. వడ్రంగి, సరంగు, నేతగాడు మాత్రము వానిలో అరుదుగా కానవత్తురు. పేరులేని పనికి వెల కట్టువారుండరు. వెల కట్టని పనిని బిడ్డలు విడిచిపోవుట సహజము. మన కులవృత్తి క్షీణించుటకు ఇదియు నొక కారణమని మా యభిప్రాయము.

కావున మహాసభకు మా మనవి యొక్కటే. ప్రతి యింటను మిగిలిన పాత లెక్కల పుస్తకములు, బయానా చీటీలు, అచ్చుదిమ్మెలు చెదలకు వదలక, వాని ప్రతుల నెత్తించి ఒక్కచోట భద్రపరుపుడు. పోషకులు దీనికి తోడ్పడుదురుగాక. ద్వీపముల కేగిన ఆ గుడ్డను నేసినవారెవరని రేపు మన బిడ్డలు అడిగినప్పుడు, వారికి చూపుటకు మన చేత ఒక్క కాగితమైనను ఉండవలెను.