తొలి మధ్యయుగపు బ్రిటను: గ్రంథసాక్ష్యము, త్రవ్వకముల సాక్ష్యము

క్రీ. శ. 410 ప్రాంతమున రోమను పరిపాలన బ్రిటనునుండి తొలగిపోయినది. అటుపిమ్మటి రెండు శతాబ్దుల చరిత్రకు లభించు గ్రంథములు మిక్కిలి స్వల్పము. 6వ శతాబ్దివాడైన గిల్డాస్ అను క్రైస్తవాచార్యుడు, తన జాతి పాపములకు ఫలముగా సాక్సనులు వచ్చి పురములను నాశ మొనర్చిరని విలపించెను. 731లో తన మతచరిత్రను ముగించిన బీడ్ అను మఠవాసి ఆంగ్లులు, సాక్సనులు, జూటులు అను మూడు జాతుల రాకను వర్ణించెను. తరువాతివారు ఈ కాలమునకు చీకటియుగమని పేరిడిరి. త్రవ్వకములు ఈ చీకటిని ఎంతవఱకు తొలగించినవో, గ్రంథమునకును వానికిని గల సంబంధ మెట్టిదో ఈ వ్యాసమున పరిశీలింతము.

ముందుగా సామాన్యుల ఇండ్లను చూతము. 1921లో సటన్ కోర్టినే గ్రామమున ఇ. టి. లీడ్స్ త్రవ్వకము లారంభించి, నేలలోనికి తీసిన గుంటలను పెక్కింటిని బయల్పఱచెను. ఆ గుంటలలోనే, ఎముకల నడుమ, చెత్త నడుమ జనులు కాపురముండిరని ఆయన తలచెను. చీకటియుగమను పేరు మనస్సున నాటుకొన్నవారికి ఈ నిర్ణయము సహజముగనే తోచియుండును. కాని సఫోక్ మండలములోని వెస్ట్ స్టో యందు 1965 మొదలు 1972 వఱకు స్టాన్లీ వెస్ట్ జరిపిన త్రవ్వకములు దీనిని సందేహాస్పద మొనర్చినవి. 5వ శతాబ్దినుండి 7వ శతాబ్ది వఱకు నిలిచిన ఆ పల్లెలో సుమారు 70 గుంటయిండ్లును, కొలది పెద్ద కొయ్యశాలలును కానవచ్చినవి. దొరకిన ఆనవాళ్లనుబట్టి అట్టి ఇండ్లను అచ్చటనే మరల కట్టి చూచిరి. గుంటపై పలకలతో నేల పఱచియుండిరనియు, గుంటలోని చెత్త ఇల్లు విడిచిన పిదప పడినదనియు నేడు పెక్కుఱు అంగీకరించుచున్నారు.

మగ్గమున పడుగు బిగువునకై వ్రేలాడగట్టిన మట్టిగుండ్లు, కదురు బిళ్లలు, ఎముక దువ్వెనలు, గొఱ్ఱెల, పశువుల, పందుల ఎముకలు ఆ పల్లెలో లభించినవి. సేద్యము చేసి, మందలను మేపి, ఇంట బట్ట నేసికొనిన ఈ జనులను గూర్చి గిల్డాస్ ఒక్క మాటయు వ్రాయలేదు.

అదే మండలమున సముద్రతీరపు చెంత నున్న సటన్ హూ దిబ్బ మఱియొక లోకమును చూపుచున్నది. 1939లో బేసిల్ బ్రౌన్ అచట 27 మీటర్ల ఓడ యొక్క ముద్రను కనుగొనెను. కొయ్య నశించినను ఇనుపమేకులు వరుసదప్పక నిలిచియుండెను. ఎఱ్ఱని గార్నెట్ రాళ్లు పొదిగిన బంగారు నగలు, ఫ్రాంకుల దేశపు 37 బంగారు నాణెములు, అనస్తాసియస్ చక్రవర్తి (491–518) కాలపు ముద్రగల బైజాంటియం వెండిపళ్లెము అందు దొరకినవి. 7వ శతాబ్ది తొలిభాగమున వెలుపలి దేశములతో సంబంధము తెగలేదని దీనివలన స్పష్టము. కాని ఆమ్లగుణముగల ఆ ఇసుకనేల శవమును మిగుల్పలేదు; పేరు తెలుపు శాసనమును లేదు. అది తూర్పు ఆంగ్లియా రాజగు రెడ్వాల్డ్ సమాధియని పలువురు ఊహింతురు. ఆ రాజు కథ మనకు దక్కినది బీడ్ గ్రంథమువలననే.

ఉత్తరమున నార్తంబర్లండునందలి యేవరింగ్ కూడ ఇట్టిదే. ఎడ్విన్ రాజు నగరున పౌలినస్ 36 దినములు జనులకు జ్ఞానస్నాన మిచ్చెనని బీడ్ చెప్పెను. బ్రయన్ హోప్-టేలర్ 1952–1962 నడుమ అచట త్రవ్వి గొప్ప కొయ్యశాలలను బయల్పఱచెను. బీడ్ మాటకు బలము చేకూరినది. కాని మెట్లు మెట్లుగా కట్టిన కొయ్య సభాస్థలి యొకటి అచట బయటపడినది. దానిని బీడ్ పేర్కొనలేదు.

ఇక వలసల మాట. తూర్పు, దక్షిణ ఇంగ్లండు సమాధులలోని అస్థికలను పరీక్షించి 2022లో ప్రకటించిన జన్యుపరిశోధన, వారి వంశాంశమున సగటున 76 శాతము ఉత్తర సముద్రపు ఆవలి తీరములనుండి వచ్చినదని తేల్చినది. బీడ్ చెప్పిన రాక సత్యమే. అయినను డోవర్ చెంతనున్న బక్లండ్ శ్మశానమున వచ్చినవారును, స్థానికులును ఒకే కుటుంబమున కలిసియున్నారు. గిల్డాస్ వర్ణించిన సంహారముతో మాత్రమే ఈ సమాధులకు అర్థము కుదురదు.

గ్రంథము పేర్లను, తేదీలను ఇచ్చును. నేల ఇంటిని, వంటను, నేతను ఇచ్చును. గ్రంథము దాచినదానిని నేల చూపును. నేలను మనము తప్పుగా చదువుటయు కలదని సటన్ కోర్టినే గుంటలు తెలుపుచున్నవి. కావున ఈ రెండింటిలో ఏ యొక్కదానిని తుదితీర్పుగా గ్రహింపక, ఒకదానిచే మరియొకదానిని పరీక్షించుటయే పరిశోధకునకు విధియని మా అభిప్రాయము.