కార్డు క్లోజ్ చెయ్, మళ్లీ ఓపెన్ చెయ్: ఆర్మూర్ రైతుకు ఇది పాత కథే

క్రెడిట్ కార్డు తీసుకో, వెల్‌కమ్ బోనస్ రాగానే క్లోజ్ చెయ్, కొన్నాళ్లాగి మళ్లీ అప్లై చెయ్. రీల్స్‌లో ఇదేదో కొత్త ట్రిక్ అన్నట్టు చెప్తున్నారు. కానీ నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ వైపు పసుపు రైతుల ఇళ్లలో కార్డు క్లోజ్ చేసి తెరవడం ఏటా ఉండే పని. అక్కడున్నది కిసాన్ క్రెడిట్ కార్డు. ఇవాళ దాని కథ చూద్దాం.

1998 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా ఈ కార్డు ప్రకటించారు. నాబార్డు నమూనా తయారు చేసింది. ప్రతిసారీ కొత్తగా లోన్ కోసం తిరగకుండా, ఒక లిమిట్ ఇస్తారు. అవసరమైనప్పుడు తీసుకోవాలి, పంట అమ్మి కట్టాలి.

బోనస్ తర్వాత వచ్చింది. 2006-07 నుంచి కేంద్రం వడ్డీలో కొంత తానే భరించి, పంట రుణం 7 శాతానికి ఇప్పించింది. 2009-10లో, టైముకు కట్టినోళ్లకు ఇంకో 1 శాతం తగ్గించింది. మరుసటి ఏడాది అది 2 అయింది, 2011-12 నుంచి 3. అంటే లక్ష మీద ఏడాదికి 7 వేల వడ్డీ 4 వేలకు దిగింది. అయితే ఈ రాయితీ ఏడాది వరకే. గడువు దాటిందా, పోయినట్టే.

ఇక్కడే పసుపుతో చిక్కు. జూన్‌లో పెట్టిన పంటను జనవరి వచ్చాక తవ్వుతారు. ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టించాలి, ఆ తర్వాతే నిజామాబాద్ యార్డు. రేటు లేకపోతే సరుకు ఆపుకోవాలి. 2019 ఫిబ్రవరిలో క్వింటాలుకు 15 వేలు కావాలని ఆర్మూర్ దగ్గర రైతులు హైవే మీద కూర్చున్నారు. ఆ లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేస్తే, అందులో 178 మంది రైతులే. రేటు కోసం రైతు ఆగుతాడు. బ్యాంకు తేదీ ఆగదు.

మరి ఏం చేస్తారు? బయట పైసలు తెచ్చి కార్డు బాకీ కట్టేస్తారు. కొన్ని రోజులకు బ్యాంకు మళ్లీ లిమిట్ ఇస్తుంది. అవి తీసి బయటి అప్పు తీరుస్తారు. దీనికి ఊళ్లో పేరు రెన్యువల్. కొన్నిచోట్ల పైసలు చేతులు కూడా మారవు. కట్టినట్టు, మళ్లీ ఇచ్చినట్టు లెక్కల్లోనే రాస్తారు. దాన్ని బుక్ అడ్జస్ట్‌మెంట్ అంటారు.

ఒకసారి లెక్క వేద్దాం. టైముకు కడితే లక్ష మీద మిగిలేది 3 వేలు. ఆ లక్ష నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే, వాడింది పది రోజులైనా నెల మిత్తి పట్టుకుంటే 2 వేలు. రైతుకు దక్కేది వెయ్యి. సర్కారు ఇచ్చిన బోనస్‌లో మూడింట రెండు వంతులు మిత్తికిచ్చినాయన జేబులోకి పోయింది. కాగితం మీద అప్పు తీరింది, ఇంటి మీద మాత్రం ఆ లక్ష అట్లనే ఉంది.

దీనికి తోడు రుణమాఫీలు. 2008లో కేంద్రం మాఫీ చేసింది గడువు దాటిన బాకీలే. టైముకు కట్టినోళ్లకు అందులో ఏమీ లేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వం మార్చి 31 నాటి బాకీలో లక్ష వరకు తీసుకుంది. 2024లో లిమిట్ 2 లక్షలు. 2018 డిసెంబర్ 12 తర్వాత తీసుకున్న, లేదా రెన్యువల్ చేసిన రుణమై, 2023 డిసెంబర్ 9 నాటికి బాకీ ఉండాలి. ఆ తేదీకి ముందే నిజాయితీగా మొత్తం కట్టి, మళ్లీ తీసుకోని రైతుకు సున్నా. ఒక స్కీమ్ టైముకు కట్టమంటుంది, ఇంకొకటి కట్టకపోయినా పర్లేదంటుంది. మధ్యలో రైతు ఏ తేదీని నమ్మాలి?

మామూలు క్రెడిట్ కార్డుకైతే 2022లో ఆర్‌బీఐ రూల్ పెట్టింది. బాకీ లేని కార్డు క్లోజ్ చేయమంటే 7 పని దినాల్లో చేయాలి, ఆలస్యమైతే బ్యాంకే రోజుకు 500 ఇవ్వాలి. అక్కడ ట్రిక్ ఫెయిలైతే మనకు పోయేది పాయింట్లు. ఇక్కడ ఒక్క తేదీ తప్పితే వచ్చే పంట పెట్టుబడికే దెబ్బ.

తేదీ ఎవరు రాస్తే ఆట వాళ్ల చేతిలో ఉంటుంది. ఈ పాతికేళ్ల కథలో కనిపించేది అదే. అందుకే మీ ఇంట్లో కిసాన్ కార్డు ఉంటే ఇవాళే నాయనను అడగండి: రెన్యువల్ ఎప్పుడు, పోయినసారి పైసలు ఎక్కడ తెచ్చిండు, ఎంత మిత్తి కట్టిండు? ఆ మూడూ ఫోన్‌లో రాసి, గడువుకు రెండు నెలల ముందు రిమైండర్ పెట్టండి. ముందే తెలిస్తే బయట తెచ్చే అప్పు కొంతైనా తగ్గుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.