పోయేటప్పటి శుభ్రం

మన పుణ్యక్షేత్రాల్లో పాత సత్రాల గుమ్మం పక్కన పాలరాతి పలక ఒకటి ఉంటుంది. ఫలానావారు తమ తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఫలానా సంవత్సరంలో ఇన్ని గదులు కట్టించారని దాని మీద చెక్కి ఉంటుంది. బావి తవ్వించినవారి పేరు, నాపరాళ్లు పరిపించినవారి పేరు, ఆఖరికి ఫ్యాను ఇచ్చినవారి పేరు దాని రెక్కల మీదా ఉంటాయి. యాత్రికులు ఖాళీ చేసిన గదిని రోజూ ఊడ్చినామె పేరు మాత్రం నేను చూసిన సత్రాల్లో ఎక్కడా కనబడలేదు. ఉంటుందని వెతకడమే అమాయకత్వం అంటారేమో. కావచ్చు. కానీ సత్రాల చరిత్రని దాతల వైపు నుంచి కాక చీపురు వైపు నుంచి చదివితే ఏం తెలుస్తుందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

ఆ ప్రశ్న ఇప్పుడు మళ్లీ మన ఇళ్లలోకే వచ్చింది. సెలవులకి అరకులోనో, కొడైకెనాల్‌లోనో, అమెరికాలో ఏ సముద్రతీరంలోనో ఇల్లు అద్దెకు తీసుకుని, సొంతంగా వండుకుంటూ నాలుగు రోజులుండి రావడం మధ్యతరగతి కుటుంబాలకి అలవాటయింది. తాళంచెవి తిరిగి ఇచ్చేముందు ఆ ఇంటిని ఎంత శుభ్రంగా వదలాలన్న దాని మీద స్నేహితురాళ్ల మధ్య గట్టి వాదనలే జరుగుతున్నాయి. “డబ్బిచ్చాం కదా, మనమెందుకు ఊడవాలి?” అని ఒకరు. “మన తర్వాత వచ్చేవాళ్లు మనల్ని ఏమనుకుంటారు?” అని ఇంకొకరు. ఇదేదో కొత్త సమస్య అన్నట్టు మాట్లాడుకుంటాం. కానీ గది ఇచ్చి, పొయ్యి చూపించి, వంట మీరే చేసుకోండి అనే బస మనకు కొత్తది కాదు. సత్రం అంటే చాలాచోట్ల అదే.

అన్నం పెట్టే సత్రాల చరిత్ర మనకు బాగా తెలుసు. రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం ఆరోగ్యశాలతో, ప్రసూతిశాలతో పాటు అన్నసత్రాన్ని కూడా చెబుతుంది. లంకల గన్నవరంలో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మగారి (1841-1909) పేరు 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టుకుంది. వడ్డించిన చెయ్యి చరిత్రలోకి ఎక్కింది, సంతోషం. ఆ ఇంట్లో ఎన్ని వేల విస్తళ్లు లేచి ఉంటాయో, వాటిని తీసి పారేసిన చేతులు ఎవరివో ఎవరూ రాయలేదు. ఎంగిలాకు ఎత్తడం పుణ్యకార్యాల లెక్కలోకి రాలేదు.

బస మాత్రమే ఇచ్చి వంట మనకు వదిలేసే సత్రాల కథ వేరు. సొంతవంట మన దగ్గర సరదా కోసం పుట్టలేదు. ఎవరి చేతి వంట ఎవరు తినవచ్చు అన్న కులనియమం నుంచి పుట్టింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయలుదేరి, దాదాపు వందమంది పరివారంతో పదిహేను నెలలు కాశీయాత్ర చేశాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ చదివితే ఆనాటి ప్రయాణికుడికి ఏమేం కావాలో తెలుస్తుంది. దిగడానికి సత్రమో తోపో, మంచినీళ్లు, సరుకులు దొరికే అంగళ్లు. ఏ ఊళ్లో ఏది దొరుకుతుందో ఆయన ఓపిగ్గా రాసుకుంటూ పోయాడు. వెనక వచ్చేవాళ్లకి పనికొచ్చే పుస్తకం అది. అయినా వందమంది వండుకుని తిని, తెల్లవారకముందే లేచి వెళ్లిపోయిన తోపులో ఆ పొద్దున ఏం మిగిలి ఉంటుందో మనమే ఊహించుకోవాలి. బూడిద, కాలిన రాళ్లు, విస్తళ్లు, పేడ. యాత్రాచరిత్ర అంతా ముందుకు సాగేవాడి చూపులోంచే నడుస్తుంది. వెనక మిగిలినదాన్ని చూడ్డానికి వెనకే ఉండిపోయిన మనిషి కావాలి.

మా నాయనమ్మ 1950లలో సత్రాల్లో దిగిన యాత్రల గురించి చెబుతుండేది. దేవుడి దర్శనం కన్నా సత్రంలో చాకిరీయే ఆమెకి ఎక్కువ గుర్తుండేది. దిగగానే మగవాళ్లు నదికి స్నానానికి పోయేవారట. ఆడవాళ్లు గది కడిగి, పొయ్యి రాళ్లు తోమి, పేడతో అలికి, ముగ్గు పెట్టి, అప్పుడు మడి కట్టుకుని వంట మొదలుపెట్టేవారు. “ముందొచ్చినవాళ్లు ఎవరో, ఏం వండుకున్నారో మనకేం తెలుసే?” అనేది. మరి వచ్చేటప్పుడు ఏం చేసేవాళ్లు అని అడిగాను. ఆ ప్రశ్న ఆమెకి అర్థం కాలేదు. “వచ్చేటప్పుడు చేసేదేముంది? సామాను కట్టుకుని వచ్చేవాళ్లం. తర్వాత దిగేవాళ్లు ఎలాగూ కడుక్కుంటారుగా” అంది.

ఆమె మాటలో నాకొక పెద్ద చారిత్రక సత్యం కనబడింది. మనకు వచ్చేటప్పటి శుభ్రం ఉంది, పోయేటప్పటి శుభ్రం లేదు. మడి, మైల, అంటు, ఎంగిలి లాంటి మన మాటలన్నీ ఇతరుల నుంచి నన్ను నేను కాపాడుకోవడం గురించినవే. నా నుంచి ఇతరులకి కలిగే కష్టాన్ని చెప్పే మాట ఆ వరసలో లేదు. ముందున్నవాళ్ల అంటు పోగొట్టడానికి ఒళ్లు విరుచుకుని చాకిరీ చేసిన ఆడవాళ్లే, తమ బూడిదని తర్వాతి ఆడవాళ్లకి వదిలి వచ్చారు. వాళ్లని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఎవరు ఎంత కడిగినా ఇల్లు శుభ్రమయిందన్న నమ్మకం తర్వాతివాళ్లకి కలగనివ్వని పద్ధతి అది. ఆడవాళ్ల శ్రమని రెండింతలు చేసి, రెండోసారి చేసిందాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకునే పద్ధతి.

ఇది గది లోపలి సంగతి. గది బయట దొడ్డివైపు ఇంకో లోకం ఉండేది. పాతకాలపు పాయిఖానాలని పాకీ స్త్రీలు చేత్తో ఎత్తి, నెత్తిన మోసుకుపోయేవారు. వాళ్లు వచ్చిపోవడానికి వెనకవైపు దారి వేరే ఉండేది. అతిథి తను వదిలి వెళ్లినదాన్ని తలచుకోనవసరం లేకుండా ఆ దారి చూసుకునేది. ఈ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది.

మురికి వదలడం ఒక్కోసారి అధికార ప్రదర్శన కూడా. మగపెళ్లివారి విడిదిల్లు గుర్తు తెచ్చుకోండి. ఐదురోజుల పెళ్లిళ్ల కాలంలో ఆడపెళ్లివారు ఒక ఇల్లు ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, మంచాలూ పరుపులూ అమర్చేవారు. నీళ్లు వేడిగా లేవనీ, కాఫీ ఆలస్యమయిందనీ అలిగే హక్కు విడిదివారిది. వాళ్లు వెళ్లాక తమలపాకుల ఉమ్ములు, నూనె మరకల దిండ్లు, చిందరవందరయిన వంటిల్లు సర్దే బాధ్యత పెళ్లికూతురి పిన్నులదీ అత్తలదీ. వాళ్లలో ఎవరైనా “వెళ్లేముందు కాస్త సర్దండి” అని వియ్యాలవారితో అనగలిగేవారా? ఎంత శుభ్రంగా వదలాలన్న ప్రశ్న సమానుల మధ్యే పుడుతుంది. అంతరం ఉన్నచోట ఆ ప్రశ్నే రాదు.

ఇంగ్లీషువాళ్లు వచ్చాక దారుల వెంట ముసాఫరు బంగళాలు వెలిశాయి. గోడకి నియమాల పట్టిక, బల్ల మీద రిజిస్టరు, వంటకి ఖానసామా, ఊడ్వడానికి తోటీ. రోజుకింత అని రుసుం కట్టిన దొర, వెళ్లేముందు రిజిస్టరులో తన అభిప్రాయం రాసిపోయేవాడు. గది బాగా లేదని ఆయన రాస్తే వంటవాడికీ ఊడ్చేవాడికీ ముప్పు. దొర గదిని ఏ స్థితిలో వదిలాడో రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. అద్దె ఇళ్ల వ్యాపారంలో ఇప్పుడు యజమాని కూడా అతిథి శుభ్రతకి మార్కులు వేయవచ్చు. మార్పే. కానీ మార్కులు వేసేది యజమాని. బాత్రూము కడిగినామెకి ఇప్పటికీ గడి లేదు.

అతిథి మురికి మీద మన దేశ చరిత్రలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన తగాదా 1898లో డర్బన్‌లో జరిగింది. గాంధీ తన ఆత్మకథలో దాన్ని రాశాడు. ఆయన ఇంట్లో ఆఫీసు గుమాస్తాలు కూడా ఉండేవారు. గదుల్లోంచి మురికినీళ్లు పోయే దారి లేదు కాబట్టి ఒక్కో గదిలో మూత్రపాత్ర ఉండేది. ఇంట్లో కలిసిపోయిన గుమాస్తాలు ఎవరి పాత్ర వాళ్లే కడుక్కునేవారు. పంచముల ఇంట పుట్టిన ఒక క్రైస్తవ గుమాస్తా కొత్తగా వచ్చాడు. అతని పాత్ర తీయడం గాంధీ దంపతుల వంతయింది. కస్తూర్బాకి అది భరించరానిదయింది. భర్త తీయడమూ ఆమెకి ఇష్టం లేదు. కళ్లనీళ్లతో పాత్ర పట్టుకుని మెట్లు దిగింది. పని చేస్తే చాలదు, సంతోషంగా చేయాలని గాంధీ పట్టుబట్టి, ఆమె చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకుపోయాడు.

ఈ సంఘటనని భర్త దౌర్జన్యంగా చదివినవాళ్లున్నారు. కస్తూర్బా కులభావనగా చదివినవాళ్లున్నారు. రెండూ నిజమే. నాకు కనిపించేది మూడోది కూడా. కొత్త అతిథికి ఆ ఇంటి పద్ధతి చెప్పి ఉంటే సరిపోయేది. మిగతావాళ్లలాగే అతనూ తన పాత్ర తనే కడుక్కునేవాడు. అలా చెప్పడం అతిథిమర్యాద కాదనుకున్నాడు గాంధీ. ఆ మర్యాద ఆయనది, మెట్లు దిగిన కాళ్లు ఆమెవి. ఆదర్శం ఒకరిదై చాకిరీ ఇంకొకరిదైతే, ఆ ఆదర్శం ఎంత గొప్పదైనా సగమే.

ఇక అంబేద్కర్ అనుభవం. విదేశాల్లో చదువుకుని 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వస్తే ఆయనకి ఆ ఊళ్లో ఉండటానికి చోటు దొరకలేదు. పారసీల సత్రంలో పారసీ పేరు రాయించి దిగాడు. అది వచ్చేపోయేవాళ్లు లేక పాతసామానుతో నిండిపోయిన చోటు. కొన్ని రోజులకి కర్రలు పట్టుకుని ఒక గుంపు వచ్చి, సత్రాన్ని మైల చేశావంటూ ఆ సాయంత్రానికల్లా ఖాళీ చేయమంది. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయన ఇది రాసుకున్నాడు. దుమ్ముతో, విరిగిన సామానుతో ఉన్న సత్రం మైల కాలేదు. చదువుకుంటూ కూర్చున్న మనిషి వల్ల మైలయింది! శుభ్రం గురించి మనం ఏ నియమం రాసుకున్నా ఈ సంఘటనని పక్కన పెట్టుకునే రాసుకోవాలి. ‘మురికి చేస్తారు’ అన్న మాట కొందరు మనుషుల్ని గుమ్మం బయట ఆపడానికి ఎంత తేలిగ్గా పనికొస్తుందో అది చెబుతుంది. ఆహారం పేరుతో, మతం పేరుతో అద్దె ఇవ్వని ఇళ్లు మన ఊళ్లలో ఈనాటికీ ఉన్నాయి.

ఇప్పటి సెలవు ఇళ్లకి వద్దాం. మా బంధువుల కుటుంబాలతో కలిసి అలాంటి ఇళ్లలో నాలుగైదుసార్లు ఉన్నాను. ఆఖరి గంట ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. మగవాళ్లు కారులో పెట్టెలు సర్దుతారు, లెక్కలు చూసుకుంటారు, అరుస్తారు. ఆడవాళ్లు పసుపు మరకలు రుద్దుతారు, సింకు తోముతారు, మిగిలిన పులిహోర ఏం చేయాలా అని చూస్తారు. విదేశాల్లో అయితే పోపు వాసన భయం ఒకటి. ఇంట్లో కూర వాసన ఉందంటూ ఒక యజమాని మా చెల్లెలి దగ్గర అదనంగా డబ్బు తీసుకున్నాడు. అప్పట్నుంచీ ఆమె బయలుదేరే ముందు రోజు నుంచే పొయ్యి వెలిగించదు. ఇంటి పరువు ఆడదాని వంటింట్లో ఉంటుందన్న పాతమాట ఇలా సముద్రాలు దాటింది.

శుభ్రం చేయించడానికి రుసుం తీసుకుంటూనే, దుప్పట్లు ఉతకమనీ, ఇల్లు ఊడవమనీ అతిథులకి పట్టిక అంటించే యజమానుల మీద గోల పెరిగి, 2022 నవంబరులో ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ ఒక గీత గీసింది. పక్కలు తీయడం, ఉతకడం, ఊడవడం లాంటి పనులు అతిథుల మీద పెట్టకూడదు. దీపాలు ఆర్పడం, తిండి చెత్తబుట్టలో వేయడం, తలుపు తాళం వేయడం లాంటివి అడగవచ్చు. గీత బాగానే ఉంది. కానీ అది డబ్బిచ్చినవాడికీ డబ్బు తీసుకున్నవాడికీ మధ్య గీసింది. మూడో మనిషి దాని మీద లేదు. ఒక అతిథి వెళ్లాక, ఇంకో అతిథి వచ్చేలోపు రెండు మూడు గంటల్లో ఇల్లంతా సర్దే ఆ మనిషి చాలావరకు స్త్రీయే.

“మనమే అన్నీ చేస్తే ఆమె ఉపాధి పోదా?” అని ఒక మిత్రురాలు అడిగింది. మంచి ప్రశ్న. నా జవాబు ఇది: పని వేరు, అవమానం వేరు. నేల తుడవడం, పక్కలు మార్చడం, బాత్రూము కడగడం ఆమె పని. దానికి తగిన కూలీ, చేతికి తొడుగులు, చాలినంత సమయం ఆమెకి దక్కాలి. నా నోట్లోంచి, నా ఒంట్లోంచి వచ్చినది ఆమె చేత ఎత్తించడం మాత్రం పనిలో భాగం కాదు. ఎంగిలి కంచాలు, కాలువకి అడ్డుపడ్డ వెంట్రుకలు, పొట్లం కట్టని శానిటరీ నాప్కిన్లు, పసిపిల్లల డైపర్లు, వాంతి చేసుకున్న దుప్పటి, తాగి దొర్లించిన సీసాలు. వీటిని ఎవరు వదిలారో వాళ్లే తీయాలి. వదిలింది మగవాడైతే మగవాడే తీయాలి, అతని తరఫున భార్య కాదు. పగిలిన గాజు ఏ మూల పడిందో చెప్పి వెళ్లాలి, లేకపోతే అది ఆమె కాలిలో దిగుతుంది.

అద్దంలా మెరిపించి రమ్మని నేను అనడం లేదు. అది మళ్లీ మన మీదే పడే చాకిరీ. తర్వాత వచ్చే అతిథి మనల్ని ఏమనుకుంటాడోనన్న సిగ్గు కొలతే కాదు, యజమాని వేసే మార్కులు అంతకన్నా కాదు. మనం తలుపు వేశాక ఆ ఇంట్లోకి మొదట అడుగుపెట్టేది అతిథి కాదు, యజమానీ కాదు. తాళంచెవి ఇచ్చేముందు ఒక్కసారి ఇల్లంతా చూసుకునేటప్పుడు ఆమె కళ్లతో చూడగలిగితే, ఏది తీయాలో ఏది వదలవచ్చో చెప్పడానికి గోడ మీద పట్టిక అక్కర్లేదు.