చిలుక కథలూ, గోరింక మాటా

ఉర్దూ అనగానే మన తెలంగాణా అభ్యుదయవాదులలో చాలామందికి రెండే గుర్తుకొస్తాయి. ఒకటి నైజాం సర్కారు కాగితం. రెండవది మఖ్దూం మొహియుద్దీన్ కవిత. మొదటిదాన్ని ద్వేషించాం, రెండవదాన్ని నెత్తిన పెట్టుకున్నాం. రెండూ సబబే. కాని కచ్చేరీలోనూ ముషాయిరా వేదికమీదా వినబడని మూడో ఉర్దూ ఒకటి ఉంది. అది ఆడవాళ్ల నోటి ఉర్దూ. మా ఇందల్వాయి, డిచ్‌పల్లి మొదలు నిజామాబాదు మీదుగా బోధన్ దాకా, బీడీల చేట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, దారం చుడుతూ, పిల్లల్ని అదిలిస్తూ మాట్లాడుకునే దక్కనీ అది. ఆ భాషకు వెనకనున్న కథాసంప్రదాయం ఏమిటి, అందులో స్త్రీ గొంతు ఎక్కడుంది, ఎవరు దాన్ని పలికించారు, ఎవరు మూయించారు అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం.

కథ చెప్పే హక్కు కూడా భూమి హక్కు లాంటిదే. దున్నేవాడొకడు, పట్టా మరొకడి పేరున ఉండడం మనకు కొత్త కాదు. కథల విషయంలోనూ జరిగింది ఇదే.

ఫారసీ కథాసంప్రదాయం మనకు రెండు పెద్ద చట్రాలను ఇచ్చింది. ఒకటి షహ్రజాద్ కథ. అరబ్బీ వెయ్యిన్నొక్క రాత్రులకు మూలం ‘హజార్ అఫ్‌సాన్’ అనే ఫారసీ గ్రంథమని పదవ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ నదీమ్ రాశాడు. రోజుకొక భార్యను చంపే రాజు ముందు కూర్చుని, తెల్లవారేసరికి కథను ముడివేసి ఆపి, తన ప్రాణాన్నీ తోటి ఆడపిల్లల ప్రాణాలనూ కాపాడుకున్న స్త్రీ ఆమె. ఇక్కడ కథ బలహీనుల ఆయుధం.

రెండవది చిలుక కథ. సంస్కృత శుకసప్తతి ఆధారంగా జియాఉద్దీన్ నఖ్షబీ 1330లో ఫారసీలో ‘తూతీనామా’ రచించాడు. దాన్ని గోలకొండ కవి గవ్వాసీ 1639లో దక్కనీలోకి తెచ్చాడు. 1801లో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో హైదరీ దాన్నే ‘తోతా కహానీ’గా ఉర్దూ వచనంలో చెప్పాడు. తెలుగులో కదిరీపతి శుకసప్తతి, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి ఈ కుదురు నుంచి వచ్చినవే. భర్త వర్తకం మీద దూరదేశం పోతాడు. భార్య ప్రియుడి కోసం గడప దాటబోతుంది. ఇంట్లోని చిలుక రాత్రికొక కథ చెప్పి ఆమెను గడపలోపలే ఆపుతుంది. ఇక్కడ కథ చెప్పేది యజమాని తరఫు కాపలాదారు. అదే కథ, అదే రాత్రి, అదే ఉత్కంఠ. కాని ఆయుధం చేయి మారింది.

తూతీనామాలో ఇంకొక పక్షి ఉందని మనం మరిచిపోతాం. అది ఆడ గోరింక. చిలుక కంటే ముందు ఆమెకు హితవు చెప్పింది అదే. కథ కట్టకుండా, ఉన్నమాట ఉన్నట్టు చెప్పినందుకు ఇల్లాలి చేతిలోనే చచ్చింది. దాంతో చిలుక తెలివి తెచ్చుకుని కథలకు దిగింది. చివరకు సంస్కృత కథలో భర్త భార్యను క్షమిస్తాడు. నఖ్షబీ కథలో తిరిగొచ్చిన భర్త ఆమెను చంపేస్తాడు. యాభై రెండు రాత్రులు కథలు విని, గడప దాటకుండా ఉండిపోయిన స్త్రీకి దక్కిన బహుమతి అది! నీతికథ ఎవరి నీతిని కాపాడుతుందో ఇంతకంటె స్పష్టంగా చెప్పే నిదర్శనం అక్కరలేదు.

తరువాత దాస్తాన్‌ల యుగం. అమీర్ హమ్జా సాహసగాథలను దిల్లీ, లక్నోలలో దాస్తాన్‌గోలు రాత్రుల తరబడి చెప్పేవారు. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 1883 నుంచి 1893 వరకు ‘తిలిస్మె హోష్‌రుబా’ను ఏడు సంపుటాలుగా అచ్చువేసింది. మొదటి నాలుగూ ముహమ్మద్ హుసేన్ జాహ్‌వి, మిగతా మూడూ అహ్మద్ హుసేన్ కమర్‌వి. అందులోని స్త్రీలు అబలలు కారు. మాయల రాజు అఫ్రాసియాబ్ మీద తిరగబడి సేన నడిపే మహ్రుఖ్ ఉంది. మారువేషాల్లో అమర్ అంతటివాడితో తలపడే సర్సర్ ఉంది. ఘోషాలో ఉన్న ఆడవాళ్లు నిజజీవితంలో కలలో కూడా చేయలేని పనులన్నీ దాస్తాన్‌లో ఆడవాళ్లు చేశారు. అయితే చెప్పింది మగవాడు, విన్న సభ మగవాళ్లది, అచ్చులో పేరు పడింది మగవాళ్లది. పాతతరం దాస్తాన్‌గోలలో చివరివాడని చెప్పే మీర్ బాకర్ అలీ 1928లో కన్నుమూశాడు. ఆ కళకు 2005లో తిరిగి ప్రాణం పోశాక గాని ఫౌజియా దాస్తాన్‌గో వంటి స్త్రీ ఆ తెల్లని పరుపు మీద కూర్చుని కథ చెప్పడం జరగలేదు.

స్త్రీ గొంతును మగవాడు అరువు తెచ్చుకున్న చరిత్ర కూడా ఉంది. బిజాపూరు కవి హాషిమీ పదిహేడవ శతాబ్దంలోనే స్త్రీ పలుకులో గజళ్లు చెప్పాడు. ఉత్తరాదిలో రంగీన్, ఇన్షా దాన్ని ‘రేఖ్తీ’ అనే ప్రక్రియగా నిలబెట్టారు. వేశ్యల సహవాసంలో ఆ భాష పట్టుబడిందని రంగీనే చెప్పుకున్నాడు. భాషాచరిత్రకు రేఖ్తీ గొప్ప గని, కాదనను. ఆడవాళ్ల తిట్లూ శాపాలూ మారాములూ ముద్దుమాటలూ అందులో భద్రంగా ఉన్నాయి. కాని ఆ మాటలు పలికిన మనుషులు లేరు. గాజులు దొరికాయి, చేతులు దొరకలేదు. సంస్కరణ యుగంలో డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో ‘మిరాతుల్ ఉరూస్’ నవల రాసి, దిల్లీ ఇల్లాళ్ల నుడికారాన్ని అద్భుతంగా పట్టుకున్నాడు. దానికి సర్కారు వెయ్యి రూపాయల బహుమతి ఇచ్చింది. అది కూడా పొదుపరి కోడలు ఎలా ఉండాలో నేర్పే పుస్తకమే. చిలుక ఈసారి బడిపంతులు వేషం వేసుకుంది.

మరి ఆ కాలంలో ఆడవాళ్లు మౌనంగా ఉన్నారా? లేరు. హైదరాబాదులో మాహ్ లఖా బాయి చందా (1768–1824) తన పేరుతోనే దివాన్ కూర్చుకుంది. కాని ఆమె దర్బారు గాయని. కుటుంబ స్త్రీకి పేరు చెప్పుకునే వీలు లేని రోజుల్లో ఆ వీలు కుటుంబానికి వెలుపల ఉన్న స్త్రీకే దక్కింది. కుటుంబంలోపలి స్త్రీలు కాగితం మీద కాదు, తిరగలి దగ్గర మాట్లాడారు. దక్కనులో ‘చక్కీనామా’లనే విసుర్రాయి పాటలున్నాయి. వాటిని కట్టింది బిజాపూరు సూఫీ గురువులు. పిండి విసిరే చేతులు వాటిని ఇంటింటికీ మోశాయి. పెళ్లిళ్లలో ఢోలక్ పాటలున్నాయి. వియ్యపురాలినీ అత్తనూ ఆడబిడ్డనూ, ఆఖరికి పెళ్లికొడుకునూ దుమ్మెత్తిపోసే స్వేచ్ఛ ఆ ఒక్క పూట ఆ పాటకు ఉండేది.

వీటన్నిటికంటె ముఖ్యమైనవి మొక్కు కథలు. ‘జనాబె సయ్యిదా కీ కహానీ’, ‘దస్ బీబియోఁ కీ కహానీ’ అనే కథలను ముస్లిం స్త్రీలు కష్టం వచ్చినప్పుడు మొక్కుకుని, కష్టం తీరాక తోటి ఆడవాళ్లను పిలిచి, మిఠాయి ముందు పెట్టుకుని చెప్పించుకుంటారు. మన నోము కథలు తెలిసినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. అక్కడ మిఠాయి, ఇక్కడ చేతిలో అక్షతలు, అంతే తేడా. మొదటి కథలో కంసాలి ఇల్లాలు బిడ్డ నిప్పుల పాలైందని విలపిస్తుంది. ముసుగులోని ఒక మహనీయురాలు కనిపించి కథ వినమని మొక్కుకోమంటుంది. బిడ్డ దక్కుతుంది. కథ చెప్పమని ఆ తల్లి ఇరుగుపొరుగును అడిగితే తీరిక లేదంటారు. ఆ నిర్లక్ష్యానికి తరువాత ఫలితం అనుభవిస్తారు.

ఇది మూఢనమ్మకం కదా, అభ్యుదయవాదులకు దీనితో పనేమిటి అని విద్యార్థి మిత్రులు నన్ను అడగవచ్చు. నమ్మకం సంగతి అలా ఉంచి నిర్మాణాన్ని చూడండి. చెప్పేది స్త్రీ. వినేది స్త్రీలు. కథలో పాపమేమిటి? గడప దాటడం కాదు, తోటి ఆడదాని గోడు వినడానికి తీరిక లేదనడం. తూతీనామా నీతికీ ఈ నీతికీ మధ్య ఉన్న దూరమే నేను చెప్పదలచిన చరిత్ర. దేవుడిమీద భారం వేయడంలో నిస్సహాయత ఉంది, నిజమే. మార్పు తెచ్చే శక్తి ఆ కథకు లేదు, అదీ నిజమే. కాని నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చుని ఒకరి కష్టం ఒకరు వినే సభను అది శతాబ్దాల తరబడి కాపాడింది. సంఘం అన్నది ఆ సభకు తరువాతి మెట్టే.

అచ్చులోకి రావడానికి స్త్రీకి ఇంకొక యుద్ధం చేయవలసివచ్చింది. పాట్నాకు చెందిన రషీదున్నిసా 1881లో ‘ఇస్లాహున్నిసా’ నవల రాసింది. అది అచ్చయింది 1894లో, పదమూడేళ్లకు. అప్పుడు కూడా అట్టమీద ఆమె పేరు లేదు. ఫలానా వారి తల్లి, ఫలానా వారి కూతురు, ఫలానా వారి చెల్లెలు అని మాత్రమే ఉంది. పట్టా ఎవరి పేరున ఉందో చూశారు కదా! హైదరాబాదులో తయ్యబా బేగం బిల్‌గ్రామీ, సుగ్రా హుమాయూన్ మీర్జా నవలలు రాశారు. వీరంతా ఉన్నతవర్గ స్త్రీలే. వారి పాత్రలకు నౌకర్లు ఉంటారు, ఆ నౌకర్లకు కథ ఉండదు. ఈ పరిమితిని గుర్తిస్తూనే, పేరుతో రాయడమనే ధైర్యం వారిదేనని ఒప్పుకోవాలి.

గోరింక మళ్లీ నోరు విప్పింది 1932లో. ‘అంగారే’ సంపుటంలో డాక్టర్ రషీద్ జహాఁ ‘దిల్లీ కీ సైర్’ అనే చిన్న కథ రాసింది. భర్త దిల్లీ చూపిస్తానని తీసుకుపోయి, స్టేషనులో సామాను మీద కూర్చోబెట్టి, స్నేహితుడితో తన దారిన తాను పోతాడు. దిల్లీలో ఆమె చూసింది ప్లాట్‌ఫారమే. ఇంటికొచ్చి ఆ సంగతి చుట్టూ చేరిన ఆడవాళ్లకు చెప్పుకుంటుంది. కథంతా ఇంతే. గమనించండి, ఇది మొక్కు కథ సభే. కాని ముసుగు మహనీయురాలు లేదు, అద్భుతం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడమే ఉంది. 1933 మార్చిలో సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం ఆ సంపుటాన్ని నిషేధించింది.

మన ఉద్యమం స్త్రీ గొంతును ఎప్పుడూ చేతులు చాచి ఆహ్వానించిందని చెప్పుకుంటే అది ఆత్మవంచన అవుతుంది. ఇస్మత్ చుగ్తాయ్ ‘లిహాఫ్’ కథ 1942లో వచ్చింది. లాహోరు కోర్టులో అశ్లీలత కేసు నడిచి, చివరకు ఆమె నిర్దోషిగా బయటపడింది. 1945లో హైదరాబాదులో జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభలో సాహిత్యంలో అశ్లీలతను ఖండించే తీర్మానం మనవారే తెచ్చారు. వయోవృద్ధుడైన మౌలానా హస్రత్ మోహానీ అడ్డుపడబట్టి అది నెగ్గలేదు. గడపకాడి చిలుక మన శిబిరంలోకి కూడా ఎగిరివచ్చి వాలగలదని ఆ సంఘటన హెచ్చరిస్తుంది.

తెలంగాణా పోరాటాన్ని ఉర్దూలో తొలుత కథగా మలచినవారిలో కృషన్ చందర్ ముఖ్యుడు. 1952 నాటి ‘జబ్ ఖేత్ జాగే’ నవలలో నాయకుడు రాఘవరావు. స్త్రీ కలంనుంచి ఆ నేల బాధ పూర్తిగా వినబడడానికి 1985 దాకా ఆగవలసివచ్చింది. జీలానీ బానో ‘బారిషె సంగ్’ వచ్చింది అప్పుడే. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రకటించింది. అందులో తెలుగు రైతు స్త్రీలతోపాటు జమాలున్నిసా బాజీ, రజియా బేగంల మాటలు కూడా ఉన్నాయి. పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ పేర్లతో, తమ నుడికారంలో చెప్పారు. చరిత్రకారుడు రాసుకున్నాడనే దానికంటె చరిత్ర తానే మాట్లాడిందనడం సబబు.

ఇక మా ప్రాంతం మాట. ఇందల్వాయి పక్కనున్న సిర్నాపల్లి సంస్థానాన్ని శీలం జానకీబాయి అనే రాణి ఏలింది. ఆ రాణిని గురించి జనం చెప్పే కథలున్నాయి; గడికి వెట్టి చేసిన ఆడవాళ్లు చెప్పిన కథలను అచ్చువేసినవారు అరుదు. బోధన్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. ఆ కర్మాగారం చరిత్ర యంత్రాల లెక్కల్లో, యాజమాన్యాల కాగితాల్లో దొరుకుతుంది. చెరకు నరికిన స్త్రీ మాట ఏ రిజిస్టరులో వెతకాలి? బీడీలు చుట్టే పద్మశాలి స్త్రీ, ముస్లిం స్త్రీ ఒకే అరుగు మీద కూర్చుంటారు. ఒకరి కథ తెలుగులో, ఇంకొకరిది దక్కనీలో. వినే చెవికి రెండూ అందుతాయి. మతాల పేరిట గోడలు కట్టేవారు ఆ అరుగును చూసి భయపడాలి, మనం దాన్ని చూసి నేర్చుకోవాలి.

కనుక విద్యార్థి, ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఒక్కటే. ఈ కథలు చెప్పే తరం తరిగిపోతున్నది. వెళ్లి వినండి. విన్నది ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రాసుకోండి; దక్కనీని పుస్తకాల ఉర్దూగా దిద్దకండి, తెలంగాణా తెలుగును గ్రాంథికం చేయకండి. నీతి చివర అతికించకండి. అన్నిటికంటె ముఖ్యంగా, ఆమె ఒప్పుకుంటే కథ కింద ఆమె పేరు రాయండి. ఫలానా వారి తల్లి అని కాదు, ఫలానా వారి భార్య అని కాదు. ఆమె పేరే రాయండి.