పెరికెద్దు ఆగిన చోటు, రైలు దిగిన చోటు

పాత నిజామాబాద్ జిల్లా పటం ముందు పెట్టుకుని ఊళ్ల పేర్లు చదువుతూ పోతే రెండు మాటలు మళ్లీ మళ్లీ తగులుతాయి. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి వైపు గుట్టల నడుమ, అడవి అంచున ‘తండా’. బాన్సువాడ దాటి వర్ని, కోటగిరి, బోధన్ వైపు కాలువల వెంట ‘క్యాంపు’. రెండూ దూరం నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లే. ఒకదాని నుంచి ఇంకొకదానికి ఒక్క పూట ప్రయాణం. అయితే తండా బతుకుదెరువు పోయినవాళ్లు ఆగిపోయిన చోటు. క్యాంపు, బతుకుదెరువు పెంచుకోవడానికి లెక్క వేసుకుని వచ్చినవాళ్లు ఎంచుకున్న చోటు. ఆ తేడా ఇప్పటికీ భూమి కాగితాల్లో కనిపిస్తుంది.

ముందు వచ్చినవాళ్లు లంబాడీలు. వాళ్ల గోరు బోలి రాజస్థానీ భాషలకు దగ్గరి చుట్టం. ఆ మాట వాయవ్య దేశం నుంచి దక్కను దాకా నడిచి వచ్చింది, ఎడ్ల మీద సరుకుతో పాటు. లంబాడీల వృత్తి లదెనీ, అంటే పెరికెలు వేసిన ఎడ్ల మందలతో ధాన్యం, ఉప్పు, పత్తి ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేయడం. బండి నడిచే బాట లేని దేశంలో సరుకు కదలాలంటే ఎద్దు వీపే దిక్కు. 1632లో ఆగ్రా నుంచి పట్నాకు పోతున్న పీటర్ మండీ అనే ఆంగ్లేయుడికి దారిలో ఒక బిడారు ఎదురైంది. గోధుమలు, బియ్యం వంటి ధాన్యాలు మోస్తున్న ఎడ్లు పద్నాలుగు వేలని అతను రాసుకున్నాడు. అదే శతాబ్దంలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే పది, పన్నెండు వేల ఎడ్ల బిడార్లను చూశాడు. ఇరుకు దారిలో ఇలాంటి మంద ఎదురైతే అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగక తప్పదని చెప్పాడు.

తెలుగు దేశానికి ఈ రవాణాతో ఉన్న సంబంధం చిన్నది కాదు. పదిహేడో శతాబ్దంలో కోరమాండల్ తీరపు నేతగాళ్ల మగ్గాలకు దక్కను నల్లరేగడి పత్తి అందిందంటే లంబాడీల ఎడ్లు మోసుకొచ్చినందుకే. తిరుగు ప్రయాణంలో అవే ఎడ్లు తీరపు ఉప్పును లోపలి ఊళ్లకు తెచ్చేవి. మచిలీపట్నం వస్త్రాల చరిత్ర రాసేటప్పుడు ఓడలకు, కంపెనీలకు, అద్దకపు పనివాళ్లకు దక్కే చోటులో పావు వంతయినా ఈ ఎడ్ల మందలకు దక్కదు. దక్కాలి.

యుద్ధాలకూ వీళ్లే ఆధారం. షాజహాన్ వజీరు ఆసఫ్ ఖాన్ దక్కను మీదికి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే నాయకులు 1,80,000 ఎడ్లతో సైన్యం వెంట నడిచారని లంబాడీలు తరతరాలుగా చెప్పుకునే కథ. దారిలో ఏ ఊరి నీళ్లయినా, ఏ ఇంటి కప్పు గడ్డి అయినా తమ పశువులకు వాడుకోవచ్చని రాగి రేకు మీద అనుమతి రాయించుకున్నారని కూడా ఆ కథలో ఉంది. అంకె ఎంత నిజమో తేల్చనక్కర్లేదు. దండుకు గింజ అందించేవాడికి ఎంత విలువ ఉండేదో ఆ అనుమతి చెబుతుంది. 1791–92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సేన కూడా లంబాడీలు తెచ్చిన ధాన్యం మీదే ఆధారపడింది. దండులు కొట్టుకుంటున్నా, సరుకు తెచ్చేవాణ్ని మాత్రం రెండు పక్షాలూ కావాలనుకునేవి.

ఈ వృత్తిని దెబ్బతీసింది రైలు. సికింద్రాబాద్‌ను 1889 నాటికి బెజవాడతో కలిపిన పట్టాలు ఉప్పు దారిని మింగేశాయి. 1899, 1901 మధ్య హైదరాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ దాకా హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే మీటర్ గేజీ లైను తెరుచుకుంది. ఆ లైను మీద కామారెడ్డి ఒక స్టేషను. ఒక మంద నెలల తరబడి మోసే సరుకును గూడ్సు బండి రోజుల్లో దించేసింది. సరిగ్గా అప్పుడే, 1899–1900లో, దక్కనును పెద్ద కరువు పట్టింది. పశువే పెట్టుబడి అయినవాళ్లకు మేత లేని ఏడాది అంటే ఏమిటో ఊహించుకోవచ్చు.

చట్టం కూడా వాళ్ల వైపు లేదు. బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి నేరస్థ తెగల చట్టం వచ్చాక, ఊరూరా తిరగడమే అనుమానానికి కారణమైంది. ఒకప్పుడు రాగి రేకు అందుకున్నామని చెప్పుకున్నవాళ్లు పోలీసు చిట్టాలకెక్కారు. ఆ చట్టం రద్దయింది 1952లో.

అలా నడక ఆగిపోయింది. మంద ఆగాలంటే మేత, నీళ్లు కావాలి. ఊరివాళ్ల పొలాలకు కాస్త ఎడంగా ఉండాలి. గాంధారి చుట్టుపక్కల గుట్టలు, పొదలు, వాగులు ఆ అవసరానికి సరిపోయాయి. మోసే సరుకు లేని ఎడ్లు అరకకు మళ్లాయి. కొందరు పశువుల వర్తకం పట్టుకున్నారు, కొందరు పోడు కొట్టారు, కొందరు పటేళ్ల పొలాల్లో జీతాలకు కుదిరారు. బిడారు పేరు తండా. ఆగిన తరువాత ఊరికీ అదే పేరు నిలిచింది. నడిపించిన నాయకుడు ఊరి నాయక్ అయ్యాడు. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్లు పోసి తీజ్ చేసుకోవడం ఈ తండాల్లో ఇప్పటికీ ఉంది. చుట్టూ వరి, మక్క, జొన్న పండే చోట ఆ పండుగ గింజ మాత్రం గోధుమే.

లదెనీని చంపిన రైలే ముప్పై ఏళ్ల తరువాత ఇంకొక రకం ప్రయాణికులను ఇదే నేలకు తెచ్చింది.

1923లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సర్కారు మంజీర మీద నిజాంసాగర్ కట్టడం మొదలుపెట్టి 1931లో పూర్తి చేసింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు, జులై 11, ఇప్పుడు తెలంగాణలో ఇంజనీర్ల దినం. ఆనకట్ట కోసం నలభై పల్లెలను ఖాళీ చేయించారు. అవి ఎక్కడికి పోయాయో చెప్పే కథలు ఆనకట్ట కట్టిన కథ అంత ప్రచారంలో లేవు. కాలువ కింద లెక్కగట్టిన ఆయకట్టు 2,75,000 ఎకరాలు. ప్రధాన కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు 155 కిలోమీటర్లు సాగింది. గాంధారి గుట్టలకు ఆ నీళ్లు ఎక్కలేదు. అక్కడ చెరువు, బావి, ఆ తరువాత బోరు.

నీళ్లు వచ్చినంత మాత్రాన మడి తయారు కాదు. ఈ ప్రాంతపు రైతుకు వానాధారం జొన్న తెలుసు, చెరువు కింద కాస్త వరి తెలుసు. వందల ఎకరాల నల్లరేగడిని చదును చేసి గట్లు వేసి నాట్లు వేయాలంటే కూలీలు, డబ్బు, అలవాటు అన్నీ కావాలి. నీటి తీరువా కట్టాలన్న భయం ఒకటి. కూలీలు, డబ్బు, అలవాటు మూడూ సిద్ధంగా ఉన్నవాళ్లు తూర్పున ఉన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాక రెండు మూడు తరాలు కాలువ నీళ్లలో పెరిగిన డెల్టా రైతులు వాళ్లు. అక్కడ భూమి ధర పెరిగింది, అన్నదమ్ముల పంపకాల్లో కమతాలు చీలాయి. ఇక్కడ భూమి చవక. డెల్టాలో ఒక ఎకరం అమ్మిన సొమ్ముకు ఇక్కడ ఎన్నో ఎకరాలు వచ్చేవి. బెజవాడలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో మీటర్ గేజీకి మారితే కామారెడ్డి మీదుగా నిజామాబాద్‌లో దిగవచ్చు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి, ఎక్కువగా కమ్మ కుటుంబాలు, అలా దిగాయి.

వాళ్ల సాహసాన్ని తక్కువ చేయకూడదు. అది వేరే రాజ్యం, కచేరీల్లో ఉర్దూ, తుమ్మ పొదల మధ్య పాకలు. ఒక ఊరివాళ్లో, ఒక చుట్టరికం వాళ్లో కలిసి కొన్నారు, కొన్న పొలాల దగ్గరే గుడిసెలు వేసుకున్నారు. తాత్కాలికమనుకున్న ఆ మకాములే క్యాంపులయ్యాయి. ఆ తరువాత బడి, రామాలయం, బియ్యపు మిల్లు వచ్చాయి. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించాక చెరకు కూడా తోడైంది. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా దానికి పేరు. ఇదే పద్ధతి తరువాత కన్నడ దేశంలోనూ పునరావృతమైంది. తుంగభద్ర కాలువలు పారాక గంగావతి, సింధనూరు తాలూకాల్లో తెలుగు రైతుల క్యాంపులు వెలిశాయి. అక్కడా ఆ పేరే.

స్థానికులకు లాభమూ జరిగింది, నష్టమూ జరిగింది. పక్క పొలం చూసి నాటు నేర్చుకున్నవాళ్లున్నారు. చవకగా అమ్ముకుని, అదే భూమి విలువ పెరగడం కళ్లారా చూసినవాళ్లూ ఉన్నారు. ఆ బాధ రాజకీయాల్లోకి ఎక్కింది. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ వ్యవసాయ భూముల అమ్మకం ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలని ఒక షరతు పెట్టారంటే, అప్పటికే ఆ అమ్మకాలు ఎంత కలతపెట్టాయో అర్థమవుతుంది. 1969 ఆందోళనలోనూ, ఆ తరువాతి తెలంగాణ ఉద్యమంలోనూ క్యాంపుల మీద ప్రశ్నలు లేచాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా క్యాంపులు ఉన్న చోటనే ఉన్నాయి. అక్కడ పుట్టినవాళ్లకు డెల్టా ఇప్పుడు చుట్టాల ఊరు.

నీళ్ల మీద కట్టుకున్న ఆ ధీమాకు కాలం గండి కొట్టింది. కట్టినప్పుడు 29.7 టీఎంసీలు పట్టిన నిజాంసాగర్ పూడిక వల్ల 17.8 టీఎంసీలకు తగ్గింది. ఎగువన హైదరాబాద్ తాగునీటి కోసం సింగూరు కట్టాక వచ్చే మంజీర కూడా సన్నబడింది. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడింది. అయినా క్యాంపు రైతు చేతిలో రిజిస్ట్రీ కాగితం ఉంది. అమ్మవచ్చు, కుదువ పెట్టవచ్చు, పిల్లల్ని ఆ డబ్బుతో పైచదువులకు పంపవచ్చు.

తండాకు కాగితం రావడం చాలా నెమ్మదిగా జరిగింది. ఆంధ్ర ప్రాంతంలో అంతకుముందే షెడ్యూల్డు తెగలుగా ఉన్న లంబాడీలను తెలంగాణలో అలా గుర్తించింది 1976 నాటి సవరణ చట్టం. గాంధారి ఇప్పుడున్న కామారెడ్డి జిల్లా అటు మహారాష్ట్రకూ ఇటు కర్ణాటకకూ సరిహద్దు. మహారాష్ట్ర వైపున వాళ్లు షెడ్యూల్డు తెగ కాదు, కర్ణాటకలో షెడ్యూల్డు కులం. బిడార్లు నడిచిన కాలంలో ఒకే దారి మీద ఉన్న జనం ఇప్పుడు మూడు జాబితాల్లో ఉన్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం 500 జనాభా దాటిన తండాలను గ్రామ పంచాయతీలుగా చేసింది; 2019 జనవరి ఎన్నికల్లో చాలా తండాలు మొదటిసారి సొంత సర్పంచిని ఎన్నుకున్నాయి. అంతకుముందు రోడ్డు కావాలన్నా బోరు కావాలన్నా పక్క ఊరి పంచాయతీ గడప తొక్కాల్సిందే.

పోడు భూమి సంగతి అన్నిటికంటే కష్టమైనది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉందని గిరిజన రైతు చూపాలి. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. అందినవాళ్లు ఉన్నారు, అందక తిరుగుతున్నవాళ్లు ఉన్నారు. తాతముత్తాతలు ఆ గుట్ట కింద ఎద్దులు దింపిన రోజును ఎవరూ రిజిస్టరులో రాయలేదు. ఈ లోటు చట్టం రాసినవాళ్లకు తెలుసు. అందుకే నియమాల్లో 13వది ప్రభుత్వ రికార్డులతో పాటు వేరే సాక్ష్యాలకూ చోటిచ్చింది. పాత బావి, శ్మశానం, దేవుడి స్థలం, హక్కు అడిగేవాళ్లు కాక ఇతర పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం అన్నీ చెల్లుతాయి. ఆ వాంగ్మూలం ఇవ్వగలిగిన వయసువాళ్లు తండాల్లో ఏటేటా తగ్గిపోతున్నారు. దరఖాస్తు తిరిగొచ్చినవాళ్లు మళ్లీ గ్రామసభ ముందుకు వెళ్లేటప్పుడు మొదట కూర్చోబెట్టి రాయించుకోవాల్సింది వాళ్ల మాటలనే.