గడప మీది పాత రంగులో సీసం: పండగకు గోకించే ముందు

హోసూరైనా, బళ్ళారైనా, బరంపురమైనా, షోలాపూరైనా, యానామైనా, వీధిలో మన ఇంటిని గడప పట్టిస్తుంది. రోజూ పసుపు రాసి బొట్లు పెట్టే తీరిక తగ్గాక చాలా ఇళ్ళలో పసుపు ఎనామిల్ వేసి, ఎర్ర పెయింటుతో బొట్లు దిద్దేశాం. పండగ వస్తే దాన్ని గోకించి మళ్ళీ వేయిస్తాం. ఆ గోకుడులోనే ప్రమాదం ఉంది.

పసుపు, ఎరుపు, నారింజ, ఆకుపచ్చ నూనె రంగుల్లో వన్నె కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు పొడి కలిపేవారు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకుముందు వేసిన ఎనామిల్ ఏదైనా అనుమానించాల్సిందే. సున్నం కొట్టిన గోడలతో ఈ భయం దాదాపు లేదు. తలుపులు, కిటికీ చువ్వలు, ఉయ్యాల బల్ల, ఇనప మంచం చూసుకోవాలి. అన్నిటికంటే ముందు గడప. కాళ్ళ రాపిడికి రంగు పొడిగా రాలేదీ, పాకే పిల్ల చేతులు ఆనేదీ అక్కడే. పిల్ల గడప దాటిందని మనం గారెలు వండి పంచుతాం. ఆ చేతులు ఆ వెంటనే నోట్లోకి పోతాయి.

సీసానికి సురక్షిత మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎదిగే మెదడు మీద దాని దెబ్బ మళ్ళీ పూడదు. గర్భిణుల నుంచి కడుపులోని బిడ్డకూ చేరుతుంది. బయటికి లక్షణాలు కనబడకపోవచ్చు, రక్తపరీక్షే దారి. డెసీలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ఆ సంస్థ 2021 మార్గదర్శకం.

రంగు పరీక్షకు దొరికే కిట్లలో పుల్లతో రుద్దితే రంగు మారేవి ఉంటాయి. పైపొర మీద రుద్ది ‘ఏమీ లేదు’ అనుకుంటే మోసపోతాం. పాత ఇంట్లో పొర మీద పొర ఉంటుంది, సీసం అడుగున దాగి ఉంటుంది. చెక్క కనబడేదాకా బ్లేడుతో చిన్న గాటు పెట్టి అక్కడ రుద్దాలి. మా మాట అడిగితే, అన్ని పొరలూ వచ్చేలా చిన్న పెచ్చు తీసి కవరులో పెట్టి, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు ఇవ్వడం మేలు. అమెరికాలో పాత రంగుకు 5,000 పీపీఎం చేరితే సీసపు రంగుగా లెక్కిస్తారు. అంతకు తక్కువైనా దాని ధూళి మంచిదేమీ కాదు.

రంగు గట్టిగా అంటుకుని ఉంటే, రాపిడి లేని చోట గోకవద్దు. పైన కొత్త పూత వేస్తే చాలు. గడపకు అది నిలవదు. ఇత్తడి రేకు తొడిగించవచ్చు, లేదా రంగు తీయించాలి.

తీయించేటప్పుడు పొడిగా ఉప్పుకాగితం పట్టనివ్వకండి. మంటతో కాల్చనివ్వకండి, ఆ పొగలోనూ సీసమే. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, నీళ్ళు చల్లుతూ తడిగా గోకాలి. పనివాడికి ఎన్95 మాస్కు మీరే ఇవ్వండి. ఆయన ఇంట్లోనూ పిల్లలుంటారు. మన పిల్లలను, గర్భిణులను ఆ రెండు రోజులూ బంధువుల ఇంటికి పంపాలి. తరువాత చీపురు పట్టకుండా సబ్బునీళ్ళ తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడవాలి. పెచ్చులు పట్టాలోనే మూటగట్టాలి, తులసికోట మట్టిలోకి ఊడ్చేయకూడదు.

పెయింటరు మన భాషవాడు కాకపోవచ్చు. సీసాన్ని కన్నడంలో సీస, మరాఠీలో శిసే, ఒడియాలో సీసా అంటారు (మన బుడ్డి కాదు). తమిళంలో కారీయం అనండి. ఉత్త ఈయం అంటే రసం కాచే ఈయచెంబు గుర్తొస్తుంది, అది తగరం.

కొత్త డబ్బా మీద సీసం 90 పీపీఎం మించదన్న మాట ఉందో లేదో చూసి కొనండి. నిబంధన వచ్చాక కూడా కొన్ని చిన్న తయారీదారుల రంగుల్లో పరిమితి దాటినట్టు పరీక్షల్లో తేలింది. పరిశ్రమల కోసం చేసే రంగులకు ఆ నిబంధన వర్తించదు కనుక గ్రిల్లుకని అవి తేవద్దు. మళ్ళీ పసుపే రాద్దామనుకునేవారు కొమ్ములు కొని పట్టించుకోండి. వన్నె కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపేవారూ ఉన్నారు.