ఫాక్‌లాండ్ రోడ్, కామాఠిపురా: తల్లీబిడ్డల సంక్షేమ చరిత్ర

ముంబయిలో ఇప్పటి పఠ్ఠే బాపూరావ్ మార్గ్‌కు పాత పేరు ఫాక్‌లాండ్ రోడ్. దాని పక్కనే ఉన్న కామాఠిపురా పేరు కామాఠీల నుంచి వచ్చింది. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి కట్టడం పనులకు వలస వచ్చిన కూలీలు వాళ్లు. తరవాత చేనేత కుటుంబాలు వచ్చాయి, మగవాళ్లు మిల్లుల్లో చేరారు, ఆడవాళ్లు చాల్ (వరుస గదుల కట్టడం) గదుల్లోనే బీడీలు చుట్టారు. వలస పాలన కాలంలోనే ఈ గల్లీలు వేశ్యావాటికగా కూడా మారాయి. ఇక్కడి పేద తల్లికి అందిన సాయం ఆమె అవసరాన్ని బట్టి కాక, ఏ రిజిస్టరులో ఆమె పేరు ఉందన్న దాన్ని బట్టి నడిచింది.

1921లో బొంబాయి నగరంలో నమోదైన ప్రతి వెయ్యి జననాలకూ 600 మందికి పైగా శిశువులు ఏడాది నిండకుండానే చనిపోయారు. ఈ లెక్కను కొంత జాగ్రత్తగా చదవాలి. పురిటికి ఊరికి వెళ్లిన తల్లుల బిడ్డలు అక్కడ పుట్టి, నగరానికి వచ్చాక చనిపోతే, చావు మాత్రమే ఇక్కడి ఖాతాలో పడేది. ఎంత తగ్గించి చూసినా అది ఘోరమే. ఒంటిగది ఇళ్లలో పరిస్థితి మరీ అన్యాయం. మిల్లుల్లో పనిచేసే స్త్రీల ప్రసవాలపై 1922లో డాక్టర్ బార్న్స్ జరిపిన విచారణలో, దాదాపు అందరూ చంటిబిడ్డలకు నల్లమందు పట్టిస్తున్నట్టు తేలింది. బిడ్డను చూసుకునే మనిషి లేక, కూలి పోగొట్టుకోలేక చేసిన పని అది. ఆ తల్లులను నిందించడానికి ఏమీ లేదు.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు చర్చకు వచ్చినప్పుడు, తల్లి విశ్రాంతి దేశానికే మేలు కాబట్టి ఆ భారం చాలావరకు ప్రభుత్వమే మోయాలని అంబేడ్కర్ వాదించారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం మాత్రం దాన్ని యజమాని మీదే పెట్టింది. ఫ్యాక్టరీ స్త్రీకి కాన్పుకు ముందు మూడు వారాలు, తరవాత నాలుగు వారాలు, రోజుకు 8 అణాలు. దేశంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. తట్టలు మోసే కామాఠీ ఆడమనిషికి, ఇంట్లో బీడీలు చుట్టే ఆమెకు అందులో చోటు లేదు. చట్టానికి బయట, దగ్గర్లోని నాగ్‌పాడాలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ నడిపిన నైబర్‌హుడ్ హౌస్ బస్తీ సేవ మొదలుపెట్టింది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థగా మారిన విద్యాలయం 1936లో పుట్టింది అక్కడే.

ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీని చట్టం గుర్తించడానికి 1966 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన బీడీ, చుట్ట కార్మికుల చట్టం ప్రసూతి ప్రయోజనాన్ని ఇంటి దగ్గర పనిచేసేవాళ్లకూ వర్తింపజేసింది. 1976లో బీడీల మీద సెస్సుతో సంక్షేమ నిధి ఏర్పడింది. జీఎస్టీతో 2017లో ఆ సెస్సు రద్దయింది.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు పోషకాహారం, టీకాలు తెచ్చింది. అయితే అంగన్‌వాడీ పగటిపూట తెరుస్తారు. వ్యభిచార గృహాల్లో పిల్లలకు రక్షణ కావలసింది రాత్రిపూట. ఈ లోటును 1988లో ప్రేరణ అనే స్వచ్ఛంద సంస్థ పూడ్చింది. తల్లి పనిలో ఉన్నంతసేపూ బిడ్డకు అన్నం, చదువు, నిద్ర ఒకచోట దొరికే రాత్రి సంరక్షణ కేంద్రాన్ని కామాఠిపురాలో ప్రారంభించింది. ప్రభుత్వ పథకాలేవీ అంతవరకు ఆలోచించని ఏర్పాటు అది.

కామాఠీలు వలస వచ్చిన తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒకపూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. ముంబయిలో ఉండిపోయిన తెలుగు తల్లికి అది అందదు. 2017లో వచ్చిన కేంద్ర మాతృవందన పథకం మొదట్లో భర్త ఆధార్ కూడా అడిగింది. కామాఠిపురాలో ఎందరో తల్లులకు చూపించడానికి భర్త లేడు.

కొవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరులో, గుర్తింపు పత్రాలు అడక్కుండా సెక్స్ వర్కర్లకు రేషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మహారాష్ట్ర ప్రభుత్వం వారికి ఆ ఏడాది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెలకు 5,000 రూపాయలు, బడికి వెళ్లే పిల్లలున్న తల్లులకు అదనంగా 2,500 ప్రకటించింది. నివాస రుజువు లేకపోయినా వీరికి ఆధార్ ఇవ్వాలని 2022 మేలో అదే కోర్టు చెప్పింది.